ఎదురు షాపు

2009, మార్చి 3
గ్లెండా పార్లర్‌లో పదకొండేళ్లు జుట్టు కత్తిరించాను. పోయిన నెల ఓ శనివారం, డ్రైయర్ల కింద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉండగా, గల్లాపెట్టెలో డబ్బు తగ్గిందని నా హ్యాండ్‌బ్యాగు టేబుల్ మీద బోర్లించింది. లిప్‌స్టిక్, కరెంటు బిల్లు, బస్సు టికెట్లు దొర్లాయి. డబ్బు లేదు. అయినా, "నీ అంతట నువ్వు పోతావా రోవీనా, షెరీఫ్‌ని పిలవమంటావా?" అంది. ఆ నలుగురిలో ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్ల పెళ్లిళ్లకి జుట్టు ముస్తాబు చేసింది నేనే.

ఇప్పుడు వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతుకుతున్నాను. బ్లీచ్‌కి వేళ్లు పగిలిపోయాయి. ఈ కెంటకీ కొండల్లో ఒకసారి దొంగ అంటే చచ్చేదాకా దొంగే.

మార్చి 19
లాండ్రీ గోడ మీద కాగితం చూసి ఓ సేవాసంస్థ ఆఫీసుకి వెళ్లాను. తక్కువ జీతాల వాళ్లకి పొదుపు స్కీము. నేను ఒక డాలరు వేస్తే వాళ్లు మూడు కలుపుతారు. ఇల్లు, చదువు, చిన్న వ్యాపారం, ఈ మూడింటికే. అదీ మన చేతికివ్వరు. కుర్చీలు కొంటే కుర్చీలమ్మేవాడికే చెక్కు. నెలాఖరు దాటకుండా వేయాలి. మూడు నెలలు తప్పితే పేరు కొట్టేస్తారు.

ఏం చేద్దామనుకుంటున్నారని ప్రూయిట్ అడిగాడు. అక్కడి మేనేజరు, మెత్తని మనిషి. పార్లర్ పెడతానన్నాను. ఎక్కడ అన్నాడు. మెయిన్ స్ట్రీట్‌లో అన్నాను. గ్లెండా కిటికీకి సరిగ్గా ఎదురుగా మూతపడిన చెప్పుల షాపు ఉంది. అది చెప్పలేదు.

మార్చి 31
క్రెడిట్ యూనియన్ బ్యాంకులో మొదటి నలభై డాలర్లు వేశాను. చూస్తూ ఉండు, గ్లెండా.

జూన్ 11
ఈ స్కీములో ఉన్నవాళ్లు నెలకోసారి క్లాసుకి వెళ్లాలి. చర్చి బేస్‌మెంట్‌లో పెడతారు. ఇవాళ కొత్తగా చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది గ్లెండా కూతురు టామ్సిన్. ఇరవై ఒక్కేళ్లు. తల్లితో తెగతెంపులు చేసుకుని అద్దెకి తీసుకున్న ట్రైలర్ ఇంట్లో ఉంటోందట. నర్సింగ్ కోర్సు కోసం దాచుకుంటోందట. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది.

క్లాసయ్యాక పార్కింగ్‌లో నా ట్రక్కు దగ్గరికి వచ్చింది.

"మిస్ రోవీనా, ఆ డబ్బు తీసింది నేనే. కాన్పుకి ముందే ఆ ఇంట్లోంచి బయటపడాలని, ట్రైలర్ అడ్వాన్స్ కోసం తీశాను. మీ బ్యాగు బోర్లించినప్పుడు వెనక గదిలో తువ్వాళ్లు మడతపెడుతున్నా. బయటికి రావడానికి కాళ్లు ఆడలేదు."

మీ అమ్మకి చెప్పు అన్నాను. చెబుతాను, కాస్త టైమివ్వండి అని ఏడ్చింది. సరేలే తల్లీ అని వీపు నిమిరాను. ఇంటికొచ్చేదాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

సెప్టెంబర్ 10
ఇంకా చెప్పలేదు. పిల్లకి న్యుమోనియా వచ్చి జూలై, ఆగస్టు డబ్బు కట్టలేకపోయిందట. ఇంకో నెల తప్పితే అంతే. క్లాసులో నా పక్కనే కూర్చుంటోంది. గ్రేవీ ఉండలు కట్టకుండా ఎలా చేయాలో అడిగింది. చెప్పాను కూడా.

సెప్టెంబర్ 30, సాయంత్రం 6
మధ్యాహ్నం మూడింటికి ఫోన్. "నా కారు కదలట్లేదు మిస్ రోవీనా. డబ్బు చేతిలోనే ఉంది. క్రెడిట్ యూనియన్ ఐదింటికి మూసేస్తారు. ఒక్కసారి రాగలరా?" వస్తున్నా, వాకిట్లో నిలబడు అన్నాను.

ట్రక్కు బయటే ఉంది. తాళాలు బల్ల మీద ఉన్నాయి. ఫోను ఆపేసి చిక్కుళ్లు పొయ్యి మీద పెట్టాను. వాన మొదలైంది. ఆ ట్రైలర్‌కి వసారా కూడా లేదు. నాలుగున్నరకి ఒకసారి తాళాలు చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ పెట్టేశాను.

ఐదు దాటాక చిక్కుళ్లు తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా.

అక్టోబర్ 8
క్లాసులో టామ్సిన్ కుర్చీ ఖాళీ. పేరు కొట్టేశానని ప్రూయిట్ చెప్పాడు. ట్రైలర్ ఖాళీ చేసి తల్లి దగ్గరికి వెళ్లిపోయిందట. కూతురికి చదువు పోయింది, తల్లికి రెండు నోళ్ల బరువు. ఒకే దెబ్బకి ఇద్దరూ అనుకున్నాను. రుచిగానే ఉంది ఆ మాట.

2010, సెప్టెంబర్ 14
షాపు తెరిచాను. రెండు కుర్చీలు, ఒక బేసిన్. నా పేరు ఎర్ర అక్షరాల్లో. ఆ నలుగురిలో ఇద్దరు అప్పుడే వచ్చారు. సిగ్గులేని మొహాలు. నవ్వుతూ కత్తిరించాను. రోడ్డవతల టామ్సిన్ నేల ఊడుస్తోంది. సాయంత్రం దాకా ఆ కిటికీ వైపు చూడకుండా పని చేశాను.

సెప్టెంబర్ 25
గ్లెండా రోడ్డు దాటి వచ్చింది. షాపు నిండా జనం. ఏప్రన్ కూడా విప్పలేదు.

"పొద్దున్నే మా పిల్ల అంతా చెప్పింది రోవీనా. నీకు అన్యాయం చేశాను. నలుగురి ముందు అన్నాను కాబట్టి నలుగురి ముందే చెబుతున్నా, నువ్వు దొంగవి కాదు." ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంది. "ఆ స్కీములో పేరు పోయింది కాబట్టి ఇంటికొచ్చింది గానీ, లేకపోతే ఈ జన్మలో నా గడప తొక్కేది కాదు. మనవరాల్ని ఎత్తుకునే యోగం ఉండేది కాదు నాకు."

పంతొమ్మిది నెలలుగా దువ్వి పెట్టుకున్న తిట్లన్నీ నాలిక మీదే ఉన్నాయి. కత్తెర తీసి కుర్చీలో ఉన్నామె జుట్టు కత్తిరించడంలో పడ్డాను. నేను గ్లెండాని ముంచబోయి కూతుర్నీ మనవరాల్నీ తెచ్చి దాని ఒళ్లో పెట్టాను. మునిగింది టామ్సిన్ ఒక్కతే.

సెప్టెంబర్ 27
ప్రూయిట్ దగ్గరికి వెళ్లాను. టామ్సిన్‌ని మళ్లీ చేర్చుకోమన్నాను. వచ్చే ఏడాది జాబితాలో పెడతానన్నాడు. "ఆఖరి రోజు పొద్దున డబ్బు రెడీగా ఉందని ఫోన్ చేసిన పిల్ల ఎందుకు కట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు" అన్నాడు.

ఎవరో తీసుకెళ్తామని రాలేదట అన్నాను.

ఎవరు అన్నాడు.

తెలియదన్నాను.

అక్టోబర్ 2
టామ్సిన్ పిల్లని తీసుకొచ్చింది, మొదటిసారి జుట్టు కత్తిరించడానికి. ఆ రోజు మీ ట్రక్కుకి ఏమైందని అడిగింది.

బ్యాటరీ అన్నాను.

నమ్మింది.