ఫొటో ముందు లేచి నిలబడ్డాను

బుధవారం రాత్రి, ధర్మవరం

మా అంగట్లో పట్టుచీరలు పోయిన రాత్రి వీధి కెమెరాలో పడ్డవాళ్ల ఫొటోలను ఈరోజు మహిళా కానిస్టేబుల్ ఒక్కొక్కటే చూపించింది. ఎవరూ తెలియదనే చెప్పాను. కానీ నాలుగో ఫొటోకి, నాకు తెలియకుండానే, కొంగు భుజాల నిండా కప్పుకుని కుర్చీలోంచి లేచాను. పెళ్లయినప్పటి నుంచి బావగారు ఎదురైతే అలాగే లేస్తాను.

"ఏమక్కా, లేస్తివి? ఈయప్ప ఎవరో తెలుసునా?"

"లేదమ్మా, కాలు తిమ్మిరెక్కింది."

ఆమె ఆ ఒక్క ఫొటో పక్కన పెట్టుకుంది.

ఈయనకు చెప్పలేదు. అన్నంటే ఈయనకు ప్రాణం.

సాయంత్రం బావగారు ఇంటికి వచ్చారు. లేవాలనే అనుకున్నాను. కాళ్లు కదలలేదు.

"ఏమే, అన్న వచ్చినాడు, కనపడలేదా?" అని ఈయన కసిరారు.

బావగారు చెప్పులు విడవబోయి ఆగి, కూర్చునే ఉన్న నన్ను చూస్తూ గడప బయటే నిలబడిపోయారు.