తొమ్మిది సూదులు

అక్కా, ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం, కంగారు పడకు. కుడిచెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది, అందుకే ఎడమ చేత్తో టైపు కొట్టి కార్డుకి అంటిస్తున్నా.

నువ్వు పోరుపెట్టావని సూదుల వైద్యుడి దగ్గరికి వెళ్ళా. ఒంట్లో కంటికి కనపడని దారులుంటాయట, వాటిలో ప్రాణశక్తి పారుతుందట. అది అడ్డుపడితే జబ్బట. వెంట్రుకంత సన్నటి సూది గుచ్చితే దారి తెరుచుకుంటుందట. కొందరు డాక్టర్లేమో సూది నరాల్ని తట్టిలేపుతుందంటారట. "గుచ్చినచోట బరువుగా లాగినట్టుంటే మందు పట్టినట్టే" అన్నాడాయన.

కళ్ళు మూసుకుని పడుకున్నా. ఎంతకీ ఏమీ లేదు. "ఇక మొదలెట్టండి బాబూ, కొట్టు తెరవాలి" అన్నా. కళ్ళు తెరిస్తే మోచేతిదాకా తొమ్మిది సూదులు! ముప్పై ఏళ్ళుగా సూదులూ బొత్తాలూ అమ్ముతున్నా, చీకట్లో తడిమి సూది నంబరు చెప్పేవాణ్ణి. నాకే తెలియలేదక్కా. "ఇంకో పదిసార్లు చూద్దాం" అన్నాడు, నా మొహం చూడకుండా.

ఈ నెల కొట్లో కూర్చోడానికి బావగారిని పంపగలవా? మీ వంటింటి కప్పు కారడం ఆగిందా? చిన్నదాని గౌనుకి ఏ రంగు బొత్తాలు కావాలో రాయి.

ఇంట్లో మాత్రం సూది చురుక్కుమందని చెప్పా. నీ మరదలు ఆ మాటకే సంబరపడి, రోజూ వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి "ఇది తెలుస్తోందా?" అంటోంది. నేను ఊఁ అంటున్నా. అది అడిగితే నువ్వూ అలాగే చెప్పు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నీ తమ్ముడు