విమానంలో ఒక్కపొద్దు

ముంబయి,
17 ఆగస్టు 2023

ప్రేమగల అమ్మకు,

నీ నవనీత రాస్తున్నది. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. నీ గొంతు వినగానే నిజం నా నోట్లోంచి రావడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు కొలువు సంగతి రాస్తాను, చెడ్డ సంగతి తర్వాత. సర్కారు సాయంతో పైలట్ చదువు చదివి, లైసెన్సు వచ్చాక కూడా రెండేళ్లు ఎదురుచూసి ఎక్కిన ఈ ప్రైవేటు జెట్ ఎంత ఉంటుందనుకున్నావు? మన ఆలేరు బస్సు కంటే చిన్నది. ఎనిమిది సీట్లు. లోపల నిలబడితే నా తల కప్పుకు తగులుతుంది. కూతురు మబ్బుల్లో తిరుగుతుందని నువ్వు అందరికీ చెప్పుకుంటావు గానీ, కో-పైలట్‌కు సగం పని నేల మీదే. ప్రయాణికుల కంటే రెండు గంటలు ముందు పోయి వాతావరణం కాగితాలు చదవాలి, ఇంధనం సరిచూడాలి, ఫ్లాస్కుల్లో చాయ్ పోయించాలి, సీట్ల సందుల్లో జీడిపప్పు ముక్కలు ఏరాలి, సూట్‌కేసులు మోయాలి. శిక్షణలో ఇవేవీ చెప్పలేదు! మొదటి వారం ఒక సేటు నన్ను సామాను మోసే పిల్ల అనుకున్నాడు. నేను పోయి ముందు సీట్లో కూర్చునేసరికి మెడ చాచి చూసి, దేవుణ్ణి తలుచుకున్నాడు.

నాకు ప్రతిదీ వింతే. నలభై వేల అడుగుల పైన ఆకాశం మనం చూసే నీలం కాదమ్మా, మిట్టమధ్యాహ్నం కూడా నేరేడు పండు రంగుకు తిరుగుతుంది. బయట చలి మైనస్ యాభై ఆరు, లోపల నాకేమో చెమటలు. ఇంకో వింత ఏమిటంటే, మా కంపెనీలో ఇద్దరు పైలట్లు ఒకే వంట తినకూడదు. ఒకరికి తిండి వికటించినా ఇంకొకరు విమానం దించాలి కదా. బడిలో రెండు వందల మంది పిల్లలకు ఒకే గంజులో వండే నీకు ఈ రూలు వింటే నవ్వొస్తుంది.

ఇక చెడ్డ సంగతి. మా కెప్టెన్ కమలాకర్ సారు, పాలమూరు నుంచి మేస్త్రీ పనికి ముంబయి వచ్చిన వాళ్ల కొడుకు. ఆయన పక్కన వంద గంటలు ఎగిరి, ఆయన సంతకం పెడితేనే నా కొలువు ఖాయం. పోయిన శనివారం ఇండోర్‌లో దిగుతున్నాం. కింద కంట్రోలు వాళ్లు ఐదు వేల అడుగులకు రమ్మన్నారు. వాళ్లన్న అంకె మేము తిరిగి చెప్పాలి. నేను నాలుగు వేలన్నాను. వాళ్లు సరిదిద్దారు. మళ్లీ నాలుగే అన్నాను. చేతులు వణుకుతున్నాయి, అంకెలు అలుక్కుపోతున్నాయి. సారే అన్నీ చూసుకుని విమానం దించాడు. దిగాక నా వైపు తిరిగి, "ఏమైంది బిడ్డా? పొద్దుగాల తిన్నవా?" అని అడిగాడు.

"తిన్న సార్" అన్నాను.

తినలేదమ్మా. శనివారం కదా, ఒక్కపొద్దు. నాకు లైసెన్సు రావాలని నువ్వు గుట్ట మీది నర్సన్న దేవుడికి మొక్కిన నాటి నుంచి నీతో పాటు నేనూ శనివారాలు రాత్రి ఒక్కపూటే తింటున్నాను. లైసెన్సు వచ్చాక కూడా నువ్వు ఆపమనలేదు, నేనూ ఆపలేదు. అయినా ఆ అబద్ధం కావాలని ఆడింది కాదు. మన దిక్కు ఎవరింటికి పోయినా, తిన్నవా అంటే కడుపు కాలుతున్నా "ఇప్పుడే తిన్న" అంటాం. లేకపోతే పాపం వాళ్లు మళ్లీ పొయ్యి వెలిగిస్తారు. ఆ మర్యాద నువ్వే నేర్పావు. అదే మాట విమానంలోనూ అలవాటుగా వచ్చేసింది.

తిన్న మనిషికి చేతులెందుకు వణకాలి? జబ్బేదో ఉందని సారు నన్ను ఎగరకుండా ఆపి డాక్టర్ల దగ్గరికి పంపాడు. గుండె చూశారు, నెత్తురు చూశారు. నెలాఖరుకు తల స్కానింగు. ఏ జబ్బూ దొరకకపోతే అనుమానం ఇంకా పెరుగుతుంది. నిజం చెబితే కెప్టెన్‌తో అబద్ధమాడిన దాన్నవుతాను. ఎటు చూసినా కొలువు పోయేలాగే ఉంది. అయినా చెప్పేద్దామనుకుంటున్నాను. చెప్పాక ఒక్కపొద్దు విడవక తప్పదు. మొక్కు మాత్రం నీది. నువ్వు సరే అనందే నాకు ధైర్యం చాలడం లేదు.

నీ మాట కోసం చూసే,
నవనీత


ఆలేరు,
23 ఆగస్టు

బిడ్డా నవనీతా,

నాకు పుస్తకాల భాష రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. నీ ఉత్తరం బడిల వంటకాడ చదివిన. పప్పు మాడింది.

గా మొక్కు ఎన్నడో తీరింది. నీకు లైసెన్సు వచ్చిన వారమే గుట్టకు పోయి కొబ్బరికాయ కొట్టి ఒక్కపొద్దు ఇడిసిపెట్టిన. శనివారం గూడ మూడు పూటలు తింటున్న. నీకు చెప్పలే. విమానం నడిపే పిల్ల ఇంకా ఒక్కపొద్దు తప్పదని నాతోని వండే సోమమ్మకు, బడి సార్లకు చెప్పుకుంటే నాకు మస్తు గొప్పగ ఉండేది. నువ్వు ఒక్క మాట అబద్ధమాడినవు. నేను రెండేండ్ల సంది ఆడుతున్న.

ఖాళీ కడుపుతోని బడికొచ్చిన పిల్లలను మొకం చూసి పట్టుకుంట. ఫోన్ల నీ మొకం రోజూ చూసిన, పట్టుకోలే. పట్టుకోవాలని లేకుండె.

పోయి సారుకు చెప్పు. నా తప్పు గూడ చెప్పు. కొలువు పోతే ఇంకోటి చూస్కుందాం. మీ ఎనకాల కూసున్నోళ్లకు గూడ అమ్మలుంటరు.

నీ మీదనే పానమున్న మీ అమ్మ,
యాదలక్ష్మి


ముంబయి,
9 నవంబరు

అమ్మా,

స్కానింగుకు ముందే సారుకు అంతా చెప్పానని ఫోనులో చెప్పాను. ఆయన ఏమన్నాడో మాత్రం దాచాను, ఇప్పుడు రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివి, "ఆకలి ఒక ముద్దతోని పోతది, దాని ఫికర్ లేదు. నేనడిగితే నాకు మంచిగనిపించే మాట చెప్తవా, ఉన్నమాట చెప్తవా? గది తెలువక నీ పక్కన ఎట్ల కూసోవాలె?" అన్నాడు. కొలువు తీసేయలేదు. ఎగిరిన గంటలన్నీ పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతానన్నాడు. రెండు నెలలు నేల మీదే సామాను మోశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఈ రోజు పొద్దున మళ్లీ ఆయన పక్కన సీటు దొరికింది. గోవా పోవాల్సిన సేటు మెట్ల దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. సారు నన్ను, "నిద్ర సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయిందన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండు నెలలు ఎదురుచూసిన సీటమ్మా అది! కానీ పక్కింట్లో పెళ్లి బ్యాండు మోతకు నాకు సరిగా నిద్రే లేదు.

"లేదు సార్. మూడు గంటలే పండుకున్న. ఇయ్యాల నేను ఎగరొద్దు" అన్నాను.

సారు మెట్లు దిగి, ఇంకో పైలట్ వచ్చేదాకా రెండు గంటలు ఆగాలని సేటుకు చెప్పాడు. సేటు అరుపులు విమానం లోపలికి వినబడ్డాయి. నేను తల దించుకుని బెల్టు విప్పుకుంటుంటే సారు తిరిగి వచ్చాడు.

"ఇంటికి పోయి పండుకో బిడ్డా. రేపు ఆరింటికి రా. నేను చేతులు కట్టుకుని కూసుంట, విమానం నువ్వే దించాలె" అన్నాడు.

ఇంకా చాలా రాయాలని ఉందమ్మా. కానీ కళ్లు మూసుకుపోతున్నాయి. పడుకుంటాను.

నీ
నవనీత