సుబ్బులత్త కాయితాల గంప

మార్కాపురం

సుబ్బులత్తకు మేనకోడలు నాగజ్యోతి నమస్కారాలు.

ఫోన్‌లో నా మాట నీకు వినపడటం లేదని ఉత్తరం రాస్తున్నాను. మా బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పే బాధ్యత నాకిచ్చారు. కాగితం, ఆకులు, మట్టి, ఏదైనా సరే. వెంటనే కాగితాలూ మెంతులూ నానబెట్టి, దంచి చేసే నీ కాయితాల గంపలు గుర్తొచ్చాయి. సెలవులకు రాచర్ల వస్తే, మెంతుల వాసన వేసే ఆ గంపలోంచి వేయించిన వేరుశనక్కాయలు పెట్టేదానివి. ఇప్పటికీ ఎవరైనా మెంతులు నానబెడితే నాకు వేరుశనక్కాయలు తినాలనిపిస్తుంది.

నువ్వు వచ్చే నెల మొదటి శనివారం మా బడికి వచ్చి, పిల్లల ముందు ఒక గంప చేసి చూపించాలి.

నీ జ్యోతి

తా.క. కాగితాలు మావే. హెడ్మాస్టరు పాత ప్రశ్నపత్రాలు ఇస్తామన్నారు. వాటిని దంచడానికి పిల్లలు తెగ తొందరపడుతున్నారు.

రాచర్ల

చిరంజీవి జ్యోతిని అత్త దీవించి రాసేది. మేమూ గొర్లూ అందరం బాగున్నాం.

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించినా. తినే సంగటి వదిలేసి బయటికి పోయినాడు. ఇప్పుడు గంపలేంది అమ్మీ? గిద్దలూరులో ప్లాస్టిక్ బుట్టలు ఎన్నైనా దొరకతాయి. ఆ పనికి నా చేతులు ఆడవు.

మీ అత్త సుబ్బులు

తా.క. ఎవరన్నా అడిగితే అత్త మరిచిపోయిందని చెప్పు.

మార్కాపురం

అత్తా, నీ ఉత్తరం చూసి భయపడ్డాను.

చేతులు ఆడకపోతే ఇన్నాళ్లూ చెప్పవా? మామ అన్నం కూడా మానేశాడంటే నొప్పి ఎంతుందో అర్థమైంది. బస్సులో నొప్పుల తైలం పంపిస్తున్నాను. ఒంగోలు డాక్టరుతో కూడా మాట్లాడాను.

బెంగతో, జ్యోతి

తా.క. మరిచిపోయావని రాశావు. దానికి వేరే డాక్టరు ఉన్నాడట.

రాచర్ల

జ్యోతికి అత్త రాసేది.

నా చేతులకేం కాలేదు. తైలం కుంటి పొట్టేలుకు రాసినాం, లేచి తిరుగుతాంది. డాక్టర్లిద్దరూ వద్దని చెప్పు. గంప సంగతికి మీ మామ ఒప్పుకోడు. ఇంక అడగొద్దు.

అత్త

తా.క. ఆ తైలం ఇంకో సీసా పంపు.

మార్కాపురం

అత్తకు, మామకు కూడా.

మామ ఒప్పుకోడా? ఆడవాళ్ల పనంటే మామకు అంత చిన్నచూపా? ఇలాంటివాడని ఎప్పుడూ అనుకోలేదు. శుక్రవారం హెడ్మాస్టరును వెంటబెట్టుకుని వస్తాను.

కోపంగా, జ్యోతి

తా.క. ఆడవాళ్ల హక్కుల మీద ఆయన గంటసేపు ఆగకుండా మాట్లాడగలరు.

రాచర్ల

అమ్మీ జ్యోతీ, నిదానంగా చదువు.

నీ ఉత్తరం మీ మామే చదివినాడు. 'చిన్నచూపు' కాడ ఆగి, మళ్లా మొదట్నుంచి చదివినాడు. ఆనక, “చెప్పెయ్” అన్నాడు.

ఆ గంపలు చేసింది మీ మామ. పెళ్లయిన కొత్తలో నేను జరంతో పడుంటే, నానేసిన కాయితాలు పాడవుతాయని ఆయనే దంచి, బోర్లించిన కుండ మీద అద్దినాడు. నాది వంకరగా వచ్చేది, ఆయనది నున్నగా వచ్చింది. అప్పట్నుంచి తలుపేసుకుని చేసేవాడు. మొగోడు రోలు కాడ కూచున్నాడని మంద కాడ తోటి కాపర్లు నవ్వుతారని నాతో ఒట్టేయించుకున్నాడు. ఎర్రమన్ను పూసి బొట్లు పెట్టేదే నా పని. నువ్వు గంప బాగుందన్నప్పుడల్లా గొర్ల కాడికి పోయి ఒక్కడే నవ్వుకునేవాడు.

ఈ పొద్దు తలుపు తెరిచే దంచినాడు. పక్కింటి రాఘవమ్మ నిలబడి చూసి, “నాగయ్యా, నాకూ ఒకటి చేసిపెట్టు” అనింది. మీ మామ మొహం చూడాల్సింది నువ్వు.

శనివారం పొద్దున బస్సుకు ఇద్దరం వస్తాం.

మీ అత్త, మామ

తా.క. మంద కాడ ఎవురూ నవ్వలేదంట. తోటి కాపరి శ్రీను ఒక్కడే మీ మామను పక్కకు తీసుకపోయి, వాళ్ల వాకిట్లో రోజూ ముగ్గేసేది తానేనని చెప్పినాడంట. నువ్వు ఎవరితోనూ అనొద్దు.