అడగకుండా మార్చిన బండి

పైన్ నారోస్, ఒంటారియో
ఫిబ్రవరి 20, 2025

ప్రియమైన సత్యవేదం అన్నయ్యకు,

ప్రభువు నామంలో నీకూ వదినకూ వందనాలు. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం మర్యాద కోసం రాశాను. మర్యాద ఇక్కడితో అయిపోయింది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నన్నొక్క మాట పూర్తి చేయనివ్వవు. నేను అది కాదన్నయ్యా అనేలోపు నా తరఫున జవాబు కూడా నువ్వే చెప్పేసుకుంటావు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ ఒకటి పడేస్తావు. కాగితం మీదైతే మధ్యలో అడ్డు రాలేవు. చివరిదాకా చదువు.

నా పని ఏమిటో నీకు తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెలియదని ఇప్పుడు అర్థమైంది కాబట్టి మొదటినుంచీ చెబుతాను. నేను ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సుని. మా సరస్సులో దీవులున్నాయి. వాటి మీద మనుషులున్నారు, వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు. ఎండాకాలం పడవ మీద వెళతాను, నీళ్ళు గడ్డకట్టాక మంచు మీద నడిచే స్నోమొబైల్ మీద వెళతాను. నీకు ఆ బండి శనివారం సరదా. మీ ఊరు కనాటా నుంచి ట్రైలర్‌కి కట్టుకుని పోతావు, చదును చేసిన ట్రెయిల్ మీద ఆఫీసు వాళ్ళతో పందెం వేస్తావు, కాఫీ తాగి ఫొటోలు దిగి ఇంటికొస్తావు. నేను తప్పుపట్టడం లేదు. కానీ నా బండి కదలకపోతే ఎవరికో ఆ రోజు ఇన్సులిన్ అందదు, ఎవరి పుండుకో కట్టు మారదు.

పాత బండి కిందటి చలికాలంలోనే మొరాయించడం మొదలుపెట్టింది. ఇంజన్ అంటుకోవడానికి తాడు లాగీ లాగీ నా కుడి భుజం పట్టేసింది. అప్పటినుంచి కొత్తదాని కోసం వెతికాను. చీర బేరమాడినట్టు కాదు, కనిపించిన ప్రతి మనిషినీ అడిగాను. బోరియాన్ కంపెనీ బండి వాడినవాళ్ళ దగ్గర అది తీసుకుని నడిపాను. హాల్‌స్టన్ మా ఆఫీసులో ఒకామెకు ఉంటే దాని మీద దీవులన్నీ తిరిగాను. నార్డెక్ చేపలు పట్టేవాళ్ళ దగ్గర చూశాను.

బోరియాన్ వేగంలో మొనగాడు. ఒప్పుకుంటాను, ఒకసారి గట్టిగా పోనిచ్చి నేనూ నవ్వాను. హాల్‌స్టన్ సోఫాలాగా ఉంటుంది, నడుముకు హాయి, కానీ దాని విడిభాగం ఏదైనా పోతే పట్నం నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. నార్డెక్ చూడ్డానికి మొద్దు. చక్రాల బదులు కింద తిరిగే ట్రాక్ వెడల్పు, బరువు ఎక్కువ, పరుగు తక్కువ. ఎంత చలిలోనైనా మీట నొక్కితే స్టార్ట్ అవుతుంది. దాన్ని మా ఊళ్ళోనే రిపేరు చేస్తారు. ఎత్తయిన అద్దం ఉంటుంది, కాబట్టి గాలి మొహాన కొట్టదు. వెనక ఇంకో మనిషి ఆనుకుని కూర్చునే సీటుంటుంది. కారుకున్నట్టు రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి, అందుకే రోగిని పడుకోబెట్టిన స్లెడ్డును, అదే మంచు మీద జారే చెక్కబండిని, వెనక కట్టుకుని ఎంత నెమ్మదిగా లాగినా వేడెక్కదు. నీకు బలమంటే పరుగు. నాకు బలమంటే లాగుడు. మన వైపు బండలాగుడు పోటీలకు పందెపు గుర్రాన్ని ఎవడైనా తోలుకెళతాడా?

ఈ మాటలన్నీ మార్చిలో మా ఇంటికి వచ్చినప్పుడు నీకు చెప్పాను. నువ్వు ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టావు.

మర్నాడు మా ఊళ్ళో ఈ బండ్లమ్మే మార్సెల్ షాపుకి ఇద్దరం వెళ్ళాం, గుర్తుందా? కొనేదాన్ని నేను. ఆయన మాత్రం మొదటినుంచి చివరిదాకా నీతోనే మాట్లాడాడు. నేనడిగిన ప్రశ్నకు కూడా జవాబు నీ మొహం చూసి చెప్పాడు. ఆవిడ కొంటోంది, ఆవిడతో చెప్పండి అని ఒక్క మాట నీ నోట రాలేదు. పైగా ఇద్దరూ బోరియాన్ బానెట్ ఎత్తి, చంటిపిల్లను చూసినట్టు మురిసిపోయారు. నువ్వు కనాటా వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే వెళ్ళి నార్డెక్ బుక్ చేశాను. వసంతంలో చెబితే చలికాలానికి కంపెనీ నుంచి వస్తుంది. మధ్యలో మార్చుకోవడానికి ఉండదు, ఒక గడువు దాకా తప్ప.

ఆ గడువులోగా నువ్వు మార్సెల్‌కి ఫోన్ చేశావు. మా చెల్లెలు మనసు మార్చుకుంది, బోరియాన్ రాసుకో, ధరలో తేడా నేను చూసుకుంటాను, ఆమెకు చెప్పకు, యాభయ్యో పుట్టినరోజు సర్‌ప్రైజ్ అన్నావు. ఆయన నమ్మాడు. నమ్మడా మరి, మొదటినుంచీ కొనేది నువ్వేననుకున్నాడుగా.

డిసెంబరులో డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఎర్ర బోరియాన్ ఉంది, హ్యాండిల్‌కి రిబ్బన్ కట్టి. నా పాత బండిని మార్సెల్ మనుషులు అప్పటికే తీసుకెళ్ళిపోయారు. మా ఆయన షాలేమ్ పాపం సంతోషంగా నిలబడ్డాడు, నేనే మనసు మార్చుకున్నానని ఆయనా అనుకున్నాడు. నా మొహం చూసి, ఏమైంది, నచ్చలేదా అని అడిగాడు. నేను లోపలికెళ్ళి నీకు ఫోన్ చేశాను. నువ్వు పగలబడి నవ్వావు. ఆ ట్రాక్టర్ మీద నా చెల్లెలు తిరగడమేంటే, నలుగురు చూస్తే ఏమనుకుంటారు అన్నావు. ఏ నలుగురన్నయ్యా? మా సరస్సు మీద నన్ను చూసేది కాకులు. నాకు అది పనికిరాదని చెబితే, అలవాటవుతుందిలే, నీకు తెలీదు అన్నావు. నీకు తెలీదు. యాభై ఏళ్ళదాన్ని, ఈ మంచు మీద పిల్లలు పుట్టడం చూశాను, మనుషులు పోవడం చూశాను. అయినా నాకు తెలీదు.

ఆ తర్వాతి ఆదివారం మీ తెలుగు ఫెలోషిప్‌లో నిలబడి, చెల్లెలికి బండి కొనిచ్చే కృప దేవుడిచ్చాడని సాక్ష్యం చెప్పావట. వదిన సంబరంగా వీడియో పంపింది. అందరూ ఆమెన్ అన్నారు.

తిరిగిచ్చేయాల్సింది కదా అంటావు. అడిగాను. ఈ సీజన్‌కి నార్డెక్ ఒక్కటి కూడా మిగల్లేదన్నాడు మార్సెల్. పేషెంట్లు వచ్చే సీజన్ దాకా ఆగరు. కాబట్టి నీ ఎర్ర బండే ఎక్కాను. దాన్ని తిట్టను. తయారుచేసినవాళ్ళు దాన్ని దేనికోసం చేశారో ఆ పనికి అది బంగారం. దాన్ని తెచ్చి నా పనిలో పెట్టినవాడివి నువ్వు.

ఇక కిందటి వారం సంగతి.

సరస్సు అవతల పెద్ద దీవిలో ఐనో అనే ఆయన ఉంటాడు. ఎనభై దాటాయి. చేపల వేటకొచ్చేవాళ్ళకు దారి చూపించేవాడు. భార్య పేరు హెల్మి. నేను వెళ్ళినప్పుడల్లా ఏలకుల వాసనొచ్చే రొట్టె పెడుతుంది. మన వాసనేనని చెబితే ఆవిడ నమ్మదు, ఫిన్లాండ్ వాళ్ళదంటుంది. ఆ ఉదయం బీపీ చూద్దామని వెళితే ఐనో కుర్చీలో చెమటలు కక్కుతూ ఉన్నాడు. ఎడమ చేయి లాగుతోందన్నాడు. చూడగానే తెలిసింది గుండె అని. ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తే గాలి ఎక్కువగా ఉంది, హెలికాప్టర్ లేవదన్నారు. రెస్క్యూ వాళ్ళ బండి ఇంకో వైపు వెళ్ళింది. మీరే ఒడ్డుకు తీసుకురాగలరా, అంబులెన్సు రేవులో ఉంటుందన్నారు. తీసుకొస్తానన్నాను.

మాత్ర ఇచ్చి, ఆయన్ని దుప్పట్లలో చుట్టి, వాళ్ళ స్లెడ్డులో పడుకోబెట్టి బండికి తగిలించాను. హెల్మి కోటు వేసుకుని బయటికొచ్చింది. నేను వెనక కూర్చుంటానంది. నీ బండికి వెనక సీటు లేదన్నయ్యా. ఒక్క మనిషికే చేశారు. స్లెడ్డులో ఐనో పడుకుంటే ఇంకొకరికి చోటు లేదు. పక్కవాళ్ళు వచ్చి నిన్ను తీసుకొస్తారు హెల్మీ అన్నాను. ఆవిడ ఆయన టోపీ సరిచేసి పక్కకు జరిగింది.

ఆ రోజు గాలి మంచునంతా ఊడ్చేసి, సరస్సును నేలబండలా చేసింది. నీ బండి ఇంజన్ చల్లబడాలంటే ట్రాక్ ఎగరేసిన మంచు దాని కిందికి కొట్టాలి. నున్నటి గడ్డ మీద ఎగరడానికేముంది? వేగంగా పోదామంటే కుదుపుకి ఐనో మూలుగుతున్నాడు. నెమ్మదిగా పోతే ఇంజన్ మండుతోంది. సగం దూరం రాకముందే ఎర్ర లైటు వెలిగింది, తర్వాత బండి ఆగిపోయింది.

ఆ సరస్సు నడిమధ్యలో నేనేం చేశానో విను. హెల్మెట్ తీసి, దాంతో గడ్డ పగుళ్ళలో పేరుకున్న మంచు గీకి తెచ్చి బండి కింద కూరాను. మళ్ళీ వెళ్ళి ఇంకొంత తెచ్చాను. మధ్యమధ్య వచ్చి ఆయన నాడి చూశాను. చేతి వేళ్ళు కొయ్యబారిపోయాయి, రెండింటి చివర్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఐనో కళ్ళు తెరిచి, అమ్మాయ్, తొందరపడకు, గడ్డ మందంగానే ఉంది, మునగం అన్నాడు. నన్ను ఓదార్చడానికి. ఆ క్షణాన నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో ఈ ఉత్తరంలో రాయలేను, నేను విశ్వాసిని.

బండి చల్లారాక మళ్ళీ కదిలింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ కూరాను. చివరికి రేవుకు చేరాం. అంబులెన్సు ఎక్కించాను. తలుపు వేసేముందు ఆయన చేయి ఊపాడు.

ఆ సాయంత్రం మార్సెల్ ఇంటికొచ్చాడు. విషయం ఊళ్ళో పాకింది. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, నేను మిమ్మల్ని అడిగి ఉండాల్సిందమ్మా అన్నాడు. కొంటున్నది మీరని తెలుసు, అయినా మీ అన్నయ్య మాట విన్నాను, ఎందుకు విన్నానో నాకే తెలియడం లేదన్నాడు. తన సొంత నార్డెక్ తెచ్చి వాకిట్లో పెట్టాడు, వచ్చే చలికాలం దాకా వాడుకోమన్నాడు. ఎర్రదాన్ని తీసుకెళ్ళిపోయాడు. ఎవరికైనా అమ్ముతాడు, కనాటాలో నీలాంటివాళ్ళు దొరుకుతారు. చూడు, పరాయివాడు తప్పు ఒప్పుకోవడానికి ఇంటికొచ్చాడు. నీకు మర్నాడు ఫోన్ చేస్తే, ముందు ఇంజన్‌లో కూలెంట్ సరిగ్గా ఉందా, చెక్ చేశావా అని అడిగావు.

చెక్ చేశాను. నిండుగా ఉంది.

అన్నయ్యా, నీ ప్రేమ నాకు తెలియనిది కాదు. మీ ఇంటికొస్తే హోటల్లో నాకేం కావాలో కూడా వెయిటర్‌కి నువ్వే చెబుతావు, బిర్యానీలో నా ముక్క నువ్వే ఏరిపెడతావు. నేను నవ్వి తినేదాన్ని. ఇక తినను. నా గురించి ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు నాతో మాట్లాడు. నేను వద్దంటే వద్దనే అర్థం, మొహమాటం కాదు. ఇది విన్నందుకు నీకు కోపమొస్తే రానీ. నాకూ వచ్చింది, చచ్చిపోలేదుగా.

క్షమాపణ కోసం రాయలేదు. క్షమాపణ బదులు ఇంకేదైనా కొని పంపితే రేవులోనే తిప్పి పంపిస్తాను. వదినకు నా ప్రేమ చెప్పు, వీడియో సంగతిలో ఆవిడ మీద నాకేం లేదు.

ఇంకా నీ చెల్లెలినే,
జయమణి

తా.క. పైన అంబులెన్సు ఎక్కించాననే చోట ఆపేశాను. ఉత్తరం మడిచాక మళ్ళీ తెరిచాను. ఐనో మర్నాడు ఉదయం పోయాడు. పక్కవాళ్ళు హెల్మిని తీసుకొచ్చేసరికి ఆయనకు స్పృహ లేదు. ముందే వచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడు. లాభం ఉండేది కాదు అంటాడేమోనని ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. చెప్పలేం అనే అన్నాడు. ఈ సంగతి నీకు రాయకూడదనుకున్నాను, కానీ ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను. నిన్న సమాధి దగ్గర హెల్మి నా చేతులు పట్టుకుని, ఆ రోజు మీరు వచ్చిన కొత్త బండి ఎవరిదని అడిగింది. మా అన్నయ్య కొనిచ్చాడన్నాను. అది లేకపోతే మా ఆయన మంచు మీదే పోయేవాడు, మీ అన్నయ్యకు నా కృతజ్ఞతలు చెప్పండి అంది. చెబుతున్నాను.