బావ కంటే ముందు చేరాలి

ఆదివారం

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. చదివేది నేనే కాబట్టి ఫరవాలేదు.

చేపల బుట్ట నీళ్లు కారి నా గేర్ల సైకిలు ఇనుప రిమ్ములు తుప్పుపట్టాయి, తొక్కడం బరువుగా ఉంది. మొన్న రేవులో అందరి ముందూ బావ, "ఒరే, నువ్వు ఊరెల్లేసరికి నీ పచ్చిసేపలు ఎండుసేపలైపోతాయిరా" అని నవ్వాడు. తనూ చేపలే అమ్ముతాడు, రోజూ ముందెళ్లి నా బేరాలు లాక్కునేది తనే.

ఈరోజు శ్రీకాకుళంలో అల్యూమినియం రిమ్ములు చూశాను. అన్నిటికంటే తేలికైనది పట్టుకుంటే షాపతను, "తాతా, బుట్టెడితే అది వంగిపోతాది. రెండు పొరలది తీసుకో, ఇదీ తేలికే" అన్నాడు. అదే వేయించాను. బరువుకు ఆగుతుందో లేదో.

రేపు బావ ఊళ్లోకి వచ్చేసరికి నా బుట్ట ఖాళీ అయిపోవాలి. ఎదురుపడితే ఏమీ అనను, బెల్లు కొడతాను. బావా, దానికి తొందరగా జవాబు చెప్పు.