నాయన పురుగుల గుడ్డ

నాయనా,

ఈ రోజు నువ్వు గెలిచావు. నీ తద్దినం అయిన సాయంత్రమే యూనివర్సిటీ ప్రకృతి పరిశోధన కేంద్రం వాళ్లు వీధివాళ్లందరినీ మన వాకిట్లోకి పిలిచారు. రెక్కల పురుగులకు మనం ఫొటోలు తీసిస్తే వాళ్ల పరిశోధనకు పనికొస్తాయట.

నువ్వు నేసిన ఆఖరి బ్యాండేజ్ గుడ్డను పురుగుల్ని రప్పించడానికి రోజూ నువ్వు కట్టినట్టే దండేనికి కట్టి, వెనక బల్బు వేశాను. ఒక్కటీ వాలలేదు. చుట్టూ ఇంత వెలుగుంటే రావన్నారు వాళ్లు.

"బల్బు ఆపన్నా, పురుగూ పూచులన్నీ మా కూట్లో పడతా ఉండాయి" అని రోజూ నీతో పోట్లాడిన ఎదురింటి అత్తే లేచింది.

"అందరూ లైట్లు ఆపండి! అన్న గుడ్డకి పూచులు రావాల!"

వీధంతా చీకటైంది. నీ బల్బు ఒక్కటే వెలుగుతోంది. గుడ్డ తెలుపు కనబడనంతగా వాలాయి, నాయనా.